అలన్ ట్యూరింగు: గణనయంత్రమునకు గొంతు నిచ్చిన గణితవేత్త



మన సికిందరాబాదునందు ఆదివారము ఉదయమున ఏ దేవాలయము ప్రక్కగా నడచినను హార్మోనియమో, ఆర్గనో, తబలాయో చెవిని పడక మానదు. వాద్యము పలుకవలెనన్న మనుష్యుని వ్రేలైనను ఊపిరియైనను దానిని తాకవలయునని మన తాతల నమ్మకము. ఆ నమ్మకమును తలక్రిందులు చేసి, కేవలము లెక్కలు గట్టుటకై నిర్మింపబడిన యంత్రముచేత స్వరములు పలికించిన కాల మొకటి వచ్చినది. ఆ యంత్రమును ఏ విధముగా పలికింపవలయునో విధివిధానముగా వ్రాసి తోడివారి చేతికిచ్చిన మహాశయుడు అలన్ మాథిసన్ ట్యూరింగు. నేడు మీలో అనేకులు పాత గృహగణనయంత్రములమీదను, వానిని పోలిన క్రొత్త సాధనములమీదను పాటలు కట్టవలెనని ముచ్చటపడుచున్నారు. అట్టివారు ఈతని చరిత్రము తప్పక యెరుగవలెను. ఆ విద్యకు మొదటిమెట్టు ఎవరు కట్టిరో తెలియుట యొక లాభము. అట్టి ఉపకారికి లోకము చేసిన ప్రత్యుపకార మెట్టిదో తెలిసికొని సిగ్గుపడుట రెండవ లాభము.

ట్యూరింగు పుట్టినది లండను నగరమునందే యైనను, ఆతని కుటుంబకథలో సగము మన ప్రాంతమునందే నడచినది. తండ్రి జూలియస్ ట్యూరింగు దొర ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షయందు కృతార్థుడై 1896వ సంవత్సరమున చెన్నపురి రాజధానికి ఉద్యోగియై వచ్చెను. బళ్లారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలో పదియేండ్లు పనిచేసెను. గుఱ్ఱమెక్కి గ్రామములు తిరుగుట, పంటలను కాలువలను చూచుట, టీకాలు వేయించుట, లెక్కలు తనిఖీ చేయుట మొదలైనవి యాతని పనులు. తల్లి ఎథెల్ సారా స్టోనీ దొరసాని 1881వ సంవత్సరమున పోదనూరునందు జన్మించెను. ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేకు ప్రధాన ఇంజనీరు. తుంగభద్రమీది వంతెన కట్టించినవాడు. ఆయన చప్పుడు చేయని పంకాచక్ర మొకటి కనిపెట్టి దానిపై హక్కుపత్రము కూడ సంపాదించెను. తాత యంత్రపు చప్పుడు మాన్పించెను. మనుమడు యంత్రముచేత చప్పుడు చేయించి దానిని స్వరముగా మార్చెను.

జూలియస్ దొరయు సారా దొరసానియు 1907వ సంవత్సరమున డబ్లిను నగరమునందు వివాహమాడి మరల మనదేశమునకు వచ్చిరి. 1908లో కూనూరునందు జాన్ అను పెద్ద కుమారుడు జన్మించెను. ఉద్యోగపు బదిలీలచే ఆ దంపతులు పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, చికాకోలు, కర్నూలు మొదలగు పట్టణములు తిరిగి 1911వ సంవత్సరమున ఛత్రపురము చేరిరి. చికాకోలు అనగా నేటి శ్రీకాకుళమే. ఛత్రపురము నాడు చెన్నపురి రాజధానిలోని గంజాము జిల్లాకు చెందినది, నేడు ఒడిశాలో నున్నది. అక్కడనుండి సెలవుపై ఇంగ్లండునకు పోయిన పిమ్మట 1912వ సంవత్సరము జూన్ 23వ తేదిని అలన్ జన్మించెను.

బిడ్డకు ఏడాది నిండకమునుపే తండ్రియు, ఏడాది నిండిన కొలది నెలలకే తల్లియు మరల చెన్నపురి రాజధానికి మరలిరి. ఇచ్చటి యెండలు పసివాని ఆరోగ్యమునకు సరిపడవను భయముచే అన్నదమ్ముల నిరువురను సముద్రతీరమున సెయింట్ లెనార్డ్స్ అను ఊరిలో వార్డు అను ఒక కర్నలు ఇంట విడిచిరి. తల్లి మధ్యమధ్య వచ్చి కొంతకాలము బిడ్డలతో నుండి పోవుచుండెను. తండ్రి ఉద్యోగము విడిచినది 1924వ సంవత్సరమున. అప్పటికి అలనుకు పండ్రెండేండ్లు. మన వసతిగృహములో నుండి చదువుకొను బాలురకును బాలికలకును ఈ యెడబాటు ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు. సెలవులకు ఇల్లు చేరు దినములు లెక్కించుట వారికి తెలిసినంతగా మరి యెవరికిని తెలియదు. ట్యూరింగు బాల్యమంతయు అట్టి లెక్కలతోనే గడచినది.

ఆ బాలుడు మూడు వారములలో తనంతట తానే చదువ నేర్చెనని చెప్పుదురు. అక్షరములకంటె అంకెలమీద మక్కువ యెక్కువ. వీధిలో నడచునప్పుడు ప్రతి దీపస్తంభము నొద్దను నిలిచి, దానిమీది సంఖ్య చదివినగాని కదలెడివాడు కాదు. పదేండ్ల వయస్సున బ్రూస్టరు అను గ్రంథకర్త బాలురకై వ్రాసిన ప్రకృతిశాస్త్ర గ్రంథ మొకటి యాతని చేతికి వచ్చెను. ప్రాణుల శరీరమును యంత్రముతో పోల్చి చెప్పిన ఆ పుస్తకము ఆ పసిమనస్సులో చెరగని ముద్ర వేసెను.

1926వ సంవత్సరము మే నెలలో ఆతడు షెర్బోర్న్ పాఠశాలలో చేరవలసి యుండెను. ఓడ దిగిన దినముననే ఇంగ్లండులో సార్వత్రిక సమ్మె ఆరంభమై రైళ్లు నిలిచిపోయెను. పదమూడేండ్ల ఆ బాలుడు ఎవరికొఱకును ఎదురుచూడక, సౌతాంప్టన్ రేవునుండి సుమారు అరువది మైళ్లు సైకిలు త్రొక్కి, నడుమ ఒక రాత్రి సత్రమున పండుకొని, మరునాడు బడి చేరెను. బడికి రాకుండుటకు వానచినుకును సాకుగా చెప్పువారు మనలో లేకపోలేదు. వారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

అయినను ఆ బడిలో ఆతడు ఉపాధ్యాయుల మెప్పు సులభముగా పొందలేదు. దస్తూరి గీతలు కలిసి చదువరాకుండెను. సిరాబొట్లు కాగితమంతయు నిండియుండెను. పాఠమునకంటె తన యూహలమీదనే దృష్టి యుండెను. అట్టి యొంటరివానికి క్రిస్టఫర్ మోర్కం అను పై తరగతి విద్యార్థి స్నేహితు డాయెను. ఇరువురును నక్షత్రములను గూర్చియు గణితమును గూర్చియు మాటలాడుకొనెడివారు. ఆ స్నేహితుని చూచియే ట్యూరింగు తన పనిని శుభ్రముగా చేయ నేర్చెను. అంతలో 1930వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదిని క్రిస్టఫరు క్షయవ్యాధిచే మృతినొందెను. చిన్ననాట త్రాగిన పాలలోనుండి సంక్రమించిన వ్యాధి అది. ట్యూరింగునకు అప్పటికి పదునేడేండ్లు. స్నేహితుడు చేయవలసిన పని యికమీదట తానే చేయవలెనని నిశ్చయించుకొనెను. మనస్సు శరీరమును విడిచిన పిమ్మట ఏమగునని చాలకాలము చింతించెను. మృతుని తల్లితో ఉత్తర ప్రత్యుత్తరములు నడపెను. తరువాతి కాలమున ఆతడు బాల్యపు విశ్వాసమును నిలుపుకొనలేదు. ఈ సంగతి దాచుట చరిత్ర వ్రాయువానికి ధర్మము గాదు. కాని మనస్సు యంత్రమువంటిదా, యంత్రము మనస్సువంటిది కాగలదా అని యాతడు జీవితాంతము వేసికొనిన ప్రశ్న ఆ సమాధి యొద్దనే మొలకెత్తినదని చెప్పవచ్చును.

1931వ సంవత్సరమున కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రవేశించి, 1935లో ఇరువదిరెండేండ్లకే ఆ కళాశాలకు ఫెలోగా ఎన్నుకొనబడెను. 1936వ సంవత్సరమున ఆతడు వ్రాసిన వ్యాసమే గణనయంత్రశాస్త్రమునకు పునాది. దాని సారమును మీ కర్థమగునట్లు చెప్పెదను. గళ్లు గళ్లుగా గీయబడిన అంతులేని కాగితపుపట్టీ యొకటి యున్నదనుకొనుడు. ఒక యంత్రము ఒక్కొక్క గడిని చూచి, అందులోని గుర్తును చదివి, చెరిపివేయుటయో క్రొత్తది వ్రాయుటయో చేసి, కుడికో యెడమకో ఒక గడి జరుగును. ఏ గుర్తు చూచినప్పుడు ఏమి చేయవలెనో ముందుగా వ్రాసిపెట్టిన పట్టిక యుండును. ఇంతమాత్రపు పనితోనే, నియమము చొప్పున చేయదగిన ఏ లెక్కనైనను చేయవచ్చునని ఆతడు చూపెను. అంతేకాక, ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రము కట్టనక్కరలేదు. ఆ పట్టికను కూడ పట్టీమీదనే వ్రాసియిచ్చినచో ఒకే యంత్రము అన్ని యంత్రముల పనియు చేయునని నిరూపించెను. జీతములు లెక్కించు యంత్రమే, ఆజ్ఞలు మార్చినచో పాట పాడుననుటకు ఆధార మిదియే. ఇంతకు పూర్వము 1843వ సంవత్సరమున బైరను కవి కుమార్తెయైన అడా లవ్‌లేస్ దొరసాని, స్వరముల సంబంధములను లెక్కలుగా వ్రాయగలిగినచో బాబేజి తలపెట్టిన యంత్రము సంగీతమును కూడ కూర్చవచ్చునని ఊహించి వ్రాసియుండెను. కాని బాబేజి యంత్రము పూర్తికాలేదు. ఆమె యూహ నూరేండ్లకు పైగా కాగితముమీదనే నిలిచినది.

ట్యూరింగు 1936 మొదలు 1938 వరకు అమెరికాలోని ప్రిన్స్‌టన్ నందు ఉన్నత పరిశోధన చేసి డాక్టరు పట్టమును పొంది స్వదేశము చేరెను. 1939వ సంవత్సరము సెప్టెంబరులో బ్రిటను యుద్ధము ప్రకటించిన మరునాడే బ్లెచ్లీ పార్కు అను రహస్యస్థానమున పనికి చేరెను. జర్మనులు ఎనిగ్మా అను యంత్రముతో తమ వార్తలను గూఢలిపిలోనికి మార్చి పంపుచుండిరి. ఆ గూఢలిపిని మొట్టమొదట ఛేదించినవారు పోలండు దేశపు గణితవేత్తలు. వారి మార్గము ననుసరించియు విస్తరించియు ట్యూరింగు బాంబ్ అను శోధనయంత్రమును రూపొందించెను. జర్మను నావికాదళపు వార్తలను భేదించు శాఖకు నాయకుడై, అట్లాంటిక్ సముద్రమున ఆహారము మోసికొనివచ్చు ఓడలు జలాంతర్గాముల పాలుగాకుండ తోడ్పడెను. ఈ సేవకు 1946లో ఆతనికి బిరుదమొకటి లభించెను గాని, ఏ పనికై యిచ్చిరో బయట చెప్పరాదు. 1970వ దశకమున ఆ రహస్యము వెలువడువరకు లోకము ఆతని ఉపకారము నెరుగదు.

యుద్ధానంతరము జాతీయ భౌతికశాస్త్ర పరిశోధనాలయమున చేరి ఒక గొప్ప గణనయంత్రమునకు నమూనా వ్రాసెను. పని నిదానముగా సాగుటచే విసిగి, 1948వ సంవత్సరమున మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు పోయెను. ఈ నడుమనే దూరపు పరుగులలో కూడ ఆరితేరి, 1947లో మారథాను పందెమును 2 గంటల 46 నిమిషములలో ముగించెను. మాంచెస్టరులో విలియమ్స్, కిల్బర్ను, టూటిల్ అను ఇంజనీరులు నిర్మించిన చిన్న యంత్రము 1948 జూన్ 21వ తేదిని తన జ్ఞాపకములోనే నిలుపుకొన్న ఆజ్ఞలను నెరవేర్చి లోకమున ప్రథమస్థానము పొందెను. దానిని పెంచి ఫెరాంటి కంపెనీవారు కట్టిన పెద్ద యంత్రము 1951 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయమునకు చేరినది. అందు సుమారు 4,000 వాల్వులు. ఒక గది నిండిన బీరువాలు.

ఆ యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయువారి కుపయోగించు కైపుస్తకమును రచించినవాడు ట్యూరింగే. యంత్రమునకు హూటరు అను కూతపెట్టె యొకటి యుండెను. ఒకానొక ఆజ్ఞ యిచ్చినచో ఆ పెట్టె ఒక్కసారి టిక్కుమనును. ఒక్క టిక్కు స్వరము గాదు. తలుపు మీద గోటితో కొట్టినట్లుండును. కాని ఆ ఆజ్ఞనే వెంటవెంటనే సెకనుకు వందలమారులు నెరవేర్చినచో, చెవి ఆ టిక్కులను వేరుపరుపలేక ఒకే స్వరముగా వినును. ఈ యుపాయమును ట్యూరింగు ఆ పుస్తకములో వివరించెను.

ఇందలి లెక్క చూడుడు. సెకనును లక్ష భాగములు చేసినచో, ఆ యంత్రపు ఒక్కొక్క తాళపుదెబ్బకు 24 భాగములు పట్టును. ఒక ఆజ్ఞకు నాలుగు దెబ్బలు, అనగా 96 భాగములు. కూత వేయు ఆజ్ఞ యొకటి, మరల మొదటికి పొమ్మను ఆజ్ఞ యొకటి చేర్చి రెండింటిని చుట్టివచ్చునట్లు చేసినచో ఒక చుట్టునకు 192 భాగములు. సెకనుకు సుమారు 521 టిక్కులు. పియానోమీది మధ్యషడ్జమునకు పైస్థాయి షడ్జము సెకనుకు 523 కంపనములు గలది. చుట్టులో మూడు ఆజ్ఞలు పెట్టినచో సుమారు 347 టిక్కులు. అది మధ్యస్థాయిలోని మధ్యమమునకు దగ్గర. నడుమనుండు స్వరములకై కొంచెము ఎక్కువ కాలము పట్టు ఆజ్ఞలను ఎన్నుకొనవలెను. దెబ్బలు పూర్ణసంఖ్యలే గాని సగము దెబ్బ లేదు గనుక, కొన్ని స్వరములు శ్రుతికి కొంచెము హెచ్చుగనో తగ్గుగనో పడును. యంత్రపు సంగీతములోని మొదటి అపశ్రుతికి కారణము ఈ అంకగణితమే.

నిజము చెప్పవలెనన్న, ట్యూరింగు కొంత వాయులీనము నేర్చినవాడే యైనను సంగీతవిద్వాంసుడు గాడు. పని ముగిసినదనియు, పొరపాటు వచ్చినదనియు యంత్రము తన యజమానికి చెవియొద్ద చెప్పుటకై ఆతడు ఈ స్వరముల నుపయోగించెను. ఆతడిచ్చినది గొంతు, పాట నేర్పినవాడు మరియొకడు. ఆతడు క్రిస్టఫర్ స్ట్రేచీ, హారో పాఠశాలలో ఉపాధ్యాయుడు. కేంబ్రిడ్జిలో చదువు దినములనుండియే ట్యూరింగు నెరిగినవాడు. పియానో వాయించు అలవాటు గలవాడు. బడిపని చూచుకొనుచునే ట్యూరింగు కైపుస్తకమును తెప్పించుకొని చదివి, అంతవరకు ఆ యంత్రమునకు వ్రాయబడిన వానిలో మిక్కిలి దీర్ఘమైన ఆజ్ఞావళి యొకటి వ్రాసి 1951లో మాంచెస్టరు చేరెను. రాత్రి యంతయు యంత్రమునొద్ద ఒంటరిగా మేల్కొని తప్పులు దిద్దెను. తెల్లవారునప్పటికి పని ముగిసి, చివరకు ఆ యంత్రము బ్రిటిషు జాతీయగీతపు వరుసను బొంగురుగొంతుతో పలికెను. చూడవచ్చిన వారందరు నిశ్చేష్టులైరి. మితభాషియగు ట్యూరింగు ఒకటి రెండు ముక్కలలో మెచ్చుకొని యూరకుండెను. ఆ మెప్పే ఆ ఉపాధ్యాయుని జీవితమును మార్చినది. కాలక్రమమున ఆతడు గణనయంత్రశాస్త్రమున పేరుపొందిన పండితు డాయెను.

అదే సంవత్సరము ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు యంత్రము కూడ పాటల వరుసలు పలికినది. కాని ఆనాటి ధ్వనిముద్రిక నిలువలేదు. మాంచెస్టరు యంత్రము పలికిన మూడు వరుసలను బి.బి.సి. వారు 1951లో పళ్లెముమీద ముద్రించిరి. ఒకటి జాతీయగీతము; రెండవది ఇంగ్లీషు బాలురు పాడుకొను నల్లగొఱ్ఱెపాట; మూడవది ఆనాటి అమెరికా నాట్యసంగీతము. మూడవ వరుస నడుమ యంత్రము మొరాయించి ఆగిపోగా చుట్టునున్నవారు నవ్విన నవ్వుకూడ ఆ పళ్లెములో నున్నది. యంత్రసంగీతమునకు నేడు మిగిలియున్న అతిప్రాచీనమైన ధ్వనిముద్రిక అదియే. 2016వ సంవత్సరమున న్యూజీలాండులోని కాంటర్బరీ విశ్వవిద్యాలయపు కోప్‌లాండ్, లాంగ్ అను వారు దానిని పరీక్షించిరి. అందలి కొన్ని స్వరములు ఆ యంత్రము పలుకజాలని సంఖ్యలుగా తేలినవి. పైని చెప్పిన తాళపుదెబ్బల లెక్కనే ఆధారముగా గొని, పళ్లెము ముద్రించునాడు వేగము తప్పినదని కనుగొని, దానిని సరిచేసి అసలు ధ్వనిని లోకమునకు మరల వినిపించిరి.

ఇక దుఃఖకరమగు భాగము మిగిలియున్నది. 1951లో ట్యూరింగు రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నుకొనబడెను. చిరుతపులి మచ్చలు, పొద్దుతిరుగుడు పువ్వులోని గింజల వరుసలు మొదలగునవి ప్రకృతిలో ఎట్లు ఏర్పడునో గణితముతో వివరింప మొదలుపెట్టి 1952లో గొప్ప వ్యాసము ప్రకటించెను. ఆ సంవత్సరముననే ఆతడు న్యాయస్థానమున నేరస్థుడుగా నిలువవలసి వచ్చెను. ఆతని అనురాగము స్త్రీలయెడ గాక పురుషులయెడ నుండెను. నాటి ఇంగ్లండు చట్టము దానిని నేరముగా నెంచెను. ఆతడు బొంకలేదు. చెరసాలయైనను, శరీరతత్త్వమును మార్చు మందుల చికిత్సయైనను కోరుకొమ్మనగా చికిత్సకు ఒప్పుకొనెను. ప్రభుత్వపు రహస్యకార్యములనుండి ఆతనిని తొలగించిరి. దేశమును ఆపదనుండి కాపాడిన మేధస్సును ఆ దేశమే అనుమానించెను. 1954వ సంవత్సరము జూన్ 7వ తేదిని, నలువదిరెండేండ్లు నిండకయే, విల్మ్‌స్లో అను ఊరిలోని తన యింట విషమువలన మరణించెను. స్వయముగా చేసికొనినదని విచారణాధికారి తీర్పు చెప్పెను. ప్రయోగములలో జరిగిన ప్రమాదమని తల్లి తుదివరకు నమ్మెను. ఆ వృద్ధమాత 1959లో కుమారుని చరిత్రమును స్వయముగా వ్రాసి ప్రచురించెను. ఒకప్పుడు పసివానిని విడిచి ఓడయెక్కిన తల్లి, కొడుకు పోయిన పిమ్మట ఆతని జీవితమును పుటపుటగా కూర్చుకొనెను.

చట్టము 1967లో ఇంగ్లండునందు మారినది. 2009లో ఆ దేశపు ప్రధానమంత్రి బహిరంగముగా క్షమాపణ చెప్పెను. 2013 డిసెంబరులో ఎలిజబెత్తు రాణి క్షమాభిక్ష నిచ్చెను. 2021 జూన్ 23న, ఆతని జన్మదినమున, ఆతని చిత్రముతో ఏబది పౌనుల నోటు వెలువడినది. మనదేశమునందును అట్టి పాతచట్టపు నిషేధమును 2018లో సుప్రీముకోర్టు తొలగించినది. ఈ విషయమున మన సంఘములలో అభిప్రాయభేదము లున్నవని నేనెరుగుదును. కాని రాళ్లు చేతబట్టి వచ్చిన గుంపు నెదుట ప్రభువు వంగి నేలమీద వ్రేలితో వ్రాసిన ఘట్టమును మనము చదివినవారము. ఆ ఘట్టము చదివిన వారు ట్యూరింగునకు జరిగినదానిని న్యాయమనజాలరు. క్షమాపణ ఏబదియైదేండ్లు ఆలస్యమైనది. అది చేరవలసిన చెవి అప్పటికి లేదు. మీ తరగతిలో దస్తూరి బాగులేనివాడు, ఆటలలో కలియనివాడు, మాట తడబడువాడు, ఏదో యొకరీతిని మీకంటె వేరుగా నుండువాడు ఒకడుండును. ఆతనిని గేలిచేయుటకు ముందు ఈ చరిత్రము తలచుకొనుడు. మీలో నెవరికైన భరింపరాని వేదన కలిగినచో దానిని ఒంటరిగా మోయక తల్లిదండ్రులకో, ఉపాధ్యాయులకో, పాదిరిగారికో చెప్పుకొనుడు. ఆ మాట వినుటకు మేమున్నాము.

ఆ గదినిండిన యంత్రము ముప్పదియేండ్లకు బల్లమీదికి దిగినది. 1981లో కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీవారు చేసిన బి.బి.సి. మైక్రో అను గృహగణనయంత్రము వెలువడినది. 1982లో స్పెక్ట్రం వచ్చినది. మన ప్రభుత్వమువారు 1984వ సంవత్సరమున ఆరంభించిన పథకముచే బి.బి.సి. మైక్రోలు సుమారు 250 పాఠశాలలకు చేరినవి. నేడు వానిని పోలిన కృత్రిమరూపములు సాధారణ కంప్యూటరు తెరమీదనే లభించుచున్నవి. పాట కట్టగోరు బాలుడు వానితోనే మొదలుపెట్టవచ్చును.

స్పెక్ట్రంలో బీప్ అను ఆజ్ఞ కలదు. మొదటి సంఖ్య ఎన్ని సెకనులో, రెండవ సంఖ్య మధ్యషడ్జమునుండి ఎన్ని స్వరస్థానములు పైకో తెలుపును. 0, 2, 4, 5, 7, 9, 11, 12 అని వరుసగా వ్రాసినచో మన శంకరాభరణపు ఆరోహణము వినబడును. దాని లోపల జరుగునది ట్యూరింగు చెప్పిన టిక్కుల పనియే. బి.బి.సి. మైక్రోలో సౌండ్ అను ఆజ్ఞకు నాలుగు సంఖ్యలు: ఏ గొంతు, ఎంత బిగ్గరగా, ఏ స్వరము, ఎంతసేపు. అందు మూడు గొంతులు స్వరమునకు, ఒకటి గరగరధ్వనికి. మధ్యషడ్జము 53, ఒక్కొక్క స్వరస్థానమునకు నాలుగేసి మెట్లు. కావున 53, 61, 69, 73, 81, 89, 97, 101 అనునది అదే ఆరోహణము. కాలమును సెకనులో ఇరువదవ వంతులుగా కొలతురు. నాలుగు మెట్లలో నడిమివానిని త్వరగా త్రొక్కినచో గమకపు ఛాయ కొంత కనబడును. మొదట ఒక్క గొంతుతో మీకు కంఠస్థమైన కీర్తన వరుస వ్రాయుడు. ఒక్కొక్క స్వరమును పాడి, దాని సంఖ్యను కాగితముమీద పెట్టి, ఆ తరువాతనే యంత్రమున కిండు. అది సరిపడిన పిమ్మట రెండవ గొంతుతో షడ్జపంచమముల శ్రుతి చేర్చుడు. తప్పు వినబడినచో సిగ్గుపడకుడు. స్ట్రేచీ రాత్రి యంతయు దిద్దినవి తప్పులే.

మొదటి యంత్రము బొంగురుగా పాడినది, నడుమ నాగిపోయినది, విన్నవారు నవ్విరి. అయినను డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట కూడ లోకము దానిని చెవియొగ్గి వినుచున్నది. దానికి గొంతునిచ్చినవాడు బ్రతికియున్నప్పుడు ఆతని మొర వినువారు చాలినంతమంది లేకపోయిరి. విద్యార్థులారా! యంత్రమునకు పాట నేర్పుడు. మీ ప్రక్కనున్నవాని మాటను కూడ వినుడు. ఈ రెండును కలిసిననే మన చదువు సార్థకమగును.